కిటికీకి చెరో పక్క

జనవరి 11

అమ్మా,

ముందు నీ కళ్ళ సంగతి రాయి. కొట్టు సంగతీ, వీధివాళ్ళ సంగతులూ తర్వాత. శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయిందో, నువ్వింకా "చూద్దాంలే" అంటున్నావు. దేంతో చూస్తావు? అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. భూతద్దం పెట్టుకుని నువ్వే చదువుకో, ఇంకొకరి చేత చదివించకు. ఫోన్ చేద్దామంటే నీ కొట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు పుస్తకం తిరగేస్తున్నట్టు నిలబడి చెవులు ఇటే వేసి ఉంటారు.

ఒక సంగతి అడగాలి. నేను కట్టుడు పళ్ళ సెట్లు చేసే లాబు ఎదురుగా పాత పుస్తకాలవాడు ఉంటాడు. మొన్న వాడి దగ్గర మన నీలం అట్ట నవల కనిపించింది. అదే, టైపిస్టూ, ఫోటోలు కడిగే ఆమే ఒకే వాటాలో అద్దెకు దిగి, ఒకరినొకరు వదల్లేనంతగా అల్లుకుపోయే కథ. మన కొట్లో దాని చివరి కాగితం ఊడిపోతే, ఎవరో చేత్తో రాసి అతికించారు. పదిహేనేళ్ళప్పుడు వెనక అరల మధ్య స్టూలు మీద కూర్చుని ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. "వాళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ముందుగదిలో కిటికీకి చెరో పక్క రెండు మంచాలు వేసుకున్నారు" అని మొదలవుతుంది. నాకు కంఠతా వచ్చు.

వీడి దగ్గరున్న పుస్తకానికి అచ్చు కాగితమే ఉంది. అందులో ఫోటోలు కడిగే ఆమె నదిలో దూకుతుంది. టైపిస్టు కొన్నాళ్ళు ఏడ్చి, ఆఫీసరుని పెళ్ళి చేసుకుంటుంది. రోడ్డు మీద నిలబడే చదివాను. నమ్మలేక మళ్ళీ మొదట్నుంచీ చదివాను.

ఆ చేతిరాత నీదే కదమ్మా. ఎందుకలా రాశావు?

ఆపరేషనుకి ఇక్కడికి వచ్చెయ్. ఆసుపత్రి మా వీధి చివరే. నేనూ, నాతో ఉండే లిఫ్టు మెకానికూ కలిసి చూసుకుంటాం.

నీ జవాబు కోసం కాచుక్కూర్చున్న
నీ కూతురు


జనవరి 20

ఏమే పళ్ళ సెట్లమ్మా,

దేంతో చూస్తావని తల్లిని అడిగే కూతుర్ని కన్నాను, ఇంక నాకు వేరే డాక్టరెందుకు. ఎడమ కన్ను మబ్బుగా ఉంది, కుడిది ఇంకా నా మాట వింటోంది.

ఆ చేతిరాత నాదే. ఇంకెవరిదవుతుంది? అద్దె పుస్తకాల కొట్లో పుట్టి పెరిగి నీకీమాత్రం తెలీదా. కొనేవాళ్ళు మొదటి పేజీ చూస్తారు, అద్దెకి తీసుకునేవాళ్ళు చివరి పేజీ చూస్తారు. అందుకే ఏ నవలకైనా ముందు ఊడేది చివరి కాగితమే. గుర్తున్నంత మటుకు రాసి, మైదా జిగురుతో అంటిస్తాను. ఇన్నేళ్ళలో ఎంతమంది రచయితలకి తోక కుట్టానో లెక్క లేదు.

దీనికి మాత్రం గుర్తుండీ మార్చి రాశాను. కళ్ళజోడుకి తాడు కట్టుకుని శనివారం శనివారం వచ్చే టీచరమ్మ గుర్తుందిగా. అప్పట్లో ఆవిడ ఆ నవల పట్టుకెళ్ళి, తిరిగిచ్చేటప్పుడు బల్ల మీద పెట్టి, రసీదు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తర్వాత చాలా కాలం కొట్టు మొహం చూడలేదు. ఏడుపు పుస్తకాలిచ్చి బేరం పోగొట్టుకోవడం ఎందుకు? కాగితం ఊడింది కదాని ఎవరినీ చంపకుండా, ఎవరికీ పెళ్ళి చెయ్యకుండా వదిలేశాను. దానికి నువ్వు రోడ్డు మీద నిలబడి కంగారు పడ్డం ఏమిటి?

ఇప్పుడు అసలు సంగతి. నీకు ముప్పై దాటి మూడేళ్ళయింది. "ఉద్యోగం స్థిరపడనీ" అని ఇంకెంతకాలం నా నోరు కట్టేస్తావు? ఒక సంబంధం వచ్చింది. చూస్తానని మాటిస్తే ఆపరేషనుకి అక్కడికే వస్తాను. లేకపోతే ఈ మబ్బు కన్నుతోనే ఉంటాను.

షరతులు పెట్టే
అమ్మ


ఫిబ్రవరి 2

అమ్మా,

సంబంధం చూడలేను. కారణం చెప్పకుండా ఇన్నేళ్ళు దాటేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నువ్వే అంటావు. పడితే పడనీ.

నాకు ఇష్టం కలిగేది ఆడవాళ్ళ మీదే. లెస్బియన్ అంటారు. నాతో ఉండే లిఫ్టు మెకానిక్కుని స్నేహితురాలని నీకు చెప్పాను, అది సగం నిజం. ఫోటో చూసి "తాటిచెట్టంత ఉందే" అన్నావు, ఆ పొడుగుపిల్లే. మేం జీవితాంతం కలిసి బతకాలనుకున్నాం.

రెండో సంగతి చెప్పడం ఇంకా కష్టం. ఆడైనా మగైనా, పడక సంబంధం నాకు అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదనిపించింది. దానికీ ఒక పేరుంది, అసెక్సువల్ అని. తనకి ఆ మాట చెప్పాక, ఇంక వెళ్ళిపోతుందనుకున్నాను. తనేమో, "అయితే నీ మంచం కిటికీకి ఏ పక్క వేసుకుంటావ్?" అంది. నీ పేజీ సంగతి అప్పటికి తనకి తెలీదు.

ఈ ఊరి లైబ్రరీల్లో నా కోసం ఎంత వెతుక్కున్నానో. పాత పుస్తకాల్లో మాలాంటివాళ్ళు చస్తారు, లేదా మొగుడొచ్చి బాగుచేస్తాడు. కొత్త పుస్తకాల్లో బతుకుతున్నారు, సంతోషమే. కానీ ప్రేమ నిజమని రుజువు కావాలంటే అక్కడా ఒకే మంచం ఎక్కాలి. నావాళ్ళనుకున్నవాళ్ళ మధ్య కూడా పరాయిదాన్నే అనిపించేది. నన్ను నన్నుగా చూసిన పేజీ ఒక్కటే. ప్రేమ ఉంది, ఒకే ఇల్లుంది, రెండు మంచాలున్నాయి. అది నువ్వు రాశావు. తెలిసే రాశావా అమ్మా? నీ మనసులో ఎక్కడో నాకు చోటుందా?

అచ్చు పుస్తకం కూడా దీనితో పంపుతున్నాను. రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

భయంతో, ఆశతో
నీ కూతురు


ఫిబ్రవరి 15

అమ్మడూ,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. భూతద్దంలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. ఆ రోజు కొట్టు తెరవలేదు. జ్వరమని పక్కింటి టైలరుతో చెప్పాను.

రెండు మంచాలు ఎందుకు రాశానో చెప్తాను విను. ఒకటే మంచం అని రాస్తే నలుగురి నోళ్ళలో పడతానని. మొగుడు పోయిన ఆడది నడిపే కొట్టు, అందులో పెళ్ళి కాని ఆడపిల్లలు వచ్చి పుస్తకాలు పట్టుకెళ్తారు. ఎవరూ వేలెత్తి చూపకుండా రెండు మంచాలు వేశాను. జాగ్రత్త కోసం వేసిన మంచాలవి. అందులో నువ్వూ లేవు, నా మనసూ లేదు. లేనిపోనివి ఊహించుకోకు.

నెమ్మదిగా ఆలోచించాక కాస్త ఊపిరాడింది. మీ మధ్య అదేమీ లేదని నువ్వే రాశావు కదా. అది లేకపోతే ఇంకేముంది? స్నేహం. స్నేహానికి అంత పెద్ద పేరు తగిలించుకుని గోరంతలు కొండంతలు చేసుకుంటున్నావు. పడక మీద ఇష్టం లేకపోవడమూ వింతేం కాదు. మీ నాన్నతో కాపురంలో నాకు మాత్రం ఎంత ఉండేదని? ఆడదానికి అది ఉందా లేదా అని ఎవరు అడిగారు కనక.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు నీకు తగ్గ మనిషే దొరికాడు. భూములు కొలిచే సర్వేయరు. భార్య పోయింది. పిల్లలు లేరు. "నాకు తోడు కావాలి అంతే, ఆ విషయాల మీద ధ్యాస లేదు" అని తనంతట తనే మధ్యవర్తితో చెప్పాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్ను ముట్టుకోడు, పేరుకి మొగుడుంటాడు, ఆ పొడుగుపిల్ల స్నేహితురాలిగా వచ్చిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. వచ్చే నెల పని మీద మీ ఊరు వస్తున్నాడు. మీ ఇంటి అడ్రసు ఇచ్చాను.

నీ మంచి కోరే
అమ్మ


ఫిబ్రవరి 22

అమ్మా,

అతన్ని రావద్దని చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు.

పడక వద్దన్నాను, ప్రేమ వద్దనలేదు. తను లిఫ్టు గోతిలోకి దిగిన రోజు ఫోన్ ఎత్తకపోతే, నా చేతిలో పళ్ళ సెట్టు మైనం కరిగిపోతుంది కానీ పని సాగదు. తను ఇంకో అమ్మాయితో నవ్వుతూ నిలబడితే నాకు ఒళ్ళు మండుతుంది. మెట్ల మీద తన బూట్ల చప్పుడు వినిపించాకే నాకు ఆ రోజు పూర్తయినట్టు. స్నేహితులు నాకు చిన్నప్పట్నుంచీ ఉన్నారు, ఎవరి విషయంలోనూ ఇలా కాలేదు. దీనికి పేరు స్నేహం కాదు. ఆ సర్వేయరు ఎంత మంచివాడైనా, నన్ను ముట్టుకోకపోయినా, నేను ఆయన కోసం ఎదురుచూడను. ఎదురుచూడని పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని ఆయన మాత్రం ఏం బావుకుంటాడు?

నీ ఉత్తరం తను కూడా చదివింది. నేనే చూపించాను. కోప్పడలేదు. "మీ అమ్మ ఆపరేషనుకి వచ్చి ఉన్నన్నాళ్ళు నేను మా మేస్త్రీ ఇంట్లో ఉంటాలే, ఆవిడ కళ్ళు ముఖ్యం" అంది. బీరువా మీద నుంచి సంచీ కూడా దింపింది. నేను వద్దన్నాను. తను సంచీ పట్టుకుని మెట్లు దిగిందంటే, ఆ అచ్చు పుస్తకం ముగింపు నా చేత్తో నేనే రాసినట్టు. నీ కళ్ళు నాకూ ముఖ్యమే. కానీ నువ్వొస్తే ఇద్దరం ఉన్న ఇంటికే రావాలి.

నీ కూతురు


మార్చి 1

నువ్వు పంపిన పుస్తకంలోంచి చివరి కాగితం కోసి, మన పుస్తకానికి అంటించాను. నేను రాసిన పేజీ చించేశాను. ముక్కలు ముక్కలుగా చించి పొయ్యిలో వేశాను. నేను రాసిన పిచ్చి రాతలు చదివే నువ్విలా తయారయ్యావని నాకు తెలిసింది. ఇకమీదట ఆ పుస్తకం రాసినవాడు రాసినట్టే ఉంటుంది.

సర్వేయరుకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను. వస్తాడు, మర్యాదగా మాట్లాడు.

ఆపరేషను ఇక్కడే చేయించుకుంటాను. టైలరు భార్య తోడొస్తానంది. నువ్వు రానక్కర్లేదు.

అమ్మ


మార్చి 11

అమ్మా,

నీ సర్వేయరు వచ్చాడు. తలుపు తీసింది తను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిందేమో చేతులకింకా గ్రీజు ఉంది. ఆయన లోపలికొచ్చి కూర్చుని, గది కొలుస్తున్నట్టు చుట్టూ చూశాడు. కిటికీ చూశాడు. రెండు మంచాలూ చూశాడు. నేను టీ పెట్టి, మేమిద్దరం ఎవరమో ఆయన మొహం మీదే చెప్పాను.

ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మీ అమ్మగారు మీకేదో జబ్బుందన్నారమ్మా, కాపురానికి పనికిరాని జబ్బు, అందుకే నాలాంటివాడికి ఇస్తున్నామన్నారు. మీరు బాగానే ఉన్నారే" అన్నాడు. మంచి మనిషే. వెళ్ళేటప్పుడు నాకూ తనకీ కూడా నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆయన మీద నాకేం కోపం లేదు.

జబ్బు. నేను నీకు ఆ ఉత్తరం రాయడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా? దాన్ని తీసుకెళ్ళి ఒక పరాయి మనిషికి జబ్బని చెప్పావు. తను ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళి, గ్రీజు పోయాక కూడా చేతులు కడుగుతూనే ఉంది.

నువ్వు కాల్చిన పేజీ నా దగ్గరుంది. పొయ్యి అందని చోట. ఇంక నేను రాయను.


ఏప్రిల్ 4

అమ్మడూ,

నువ్వు రాయనన్నావు. నేను రాస్తాను. చదివితే చదువు, లేకపోతే లేదు. వంకర గీతలు చూసి నవ్వుకో, ఎడమ కన్ను పూర్తిగా మూతపడింది, కుడిది కూడా మాట వినడం మానేసింది. ఇక్కడ చేయించుకుంటానన్న ఆపరేషను వాయిదా వేస్తూనే ఉన్నాను.

సర్వేయరు నా దగ్గరికి కూడా వచ్చాడు. "అమ్మా, ఆ ఇంట్లో జబ్బు మనుషులెవరూ లేరు, మీరే ఒకసారి వెళ్ళి చూడండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకో మాట చేతకాక జబ్బన్నాను. ఆ మాట నీ చెవిన పడుతుందని ఆలోచించలేదు. పడకపోయినా అనాల్సింది కాదు.

అది కాదు నేను రాయాలనుకుంది. మొన్న శనివారం టీచరమ్మ నీలం అట్ట నవల పట్టుకెళ్ళింది. ఏడాదికోసారైనా పట్టుకెళ్తుంది, నేనెప్పుడూ పట్టించుకోలేదు. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి రొప్పుకుంటూ వచ్చింది. ఈ వయసులో ఆవిడంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇది మన పుస్తకం కాదు" అంది.

"అదేనండీ, చివరి కాగితం మార్చాను, అసలు ముగింపు దొరికింది" అన్నాను.

"అసలుది నాకు తెలుసు. మీ పేజీ ఎక్కడుంది?"

చించేశానన్నాను. ఆవిడ కళ్ళజోడు తాడు చేతికి చుట్టుకుంది. తర్వాత కస్టమర్ల స్టూలు మీద కూర్చుని, తల ఎత్తకుండా చెప్పింది. "మా గదిలో కూడా రెండో మంచం ఉండాల్సిందండీ. నాతో కలిసి ఉన్న ఆమెకి వాళ్ళవాళ్ళు పెళ్ళి చేసి పంపించేశారు. నేను ఏమీ అనలేదు. మీ పేజీలో ఆ మంచం చూసుకుని ఇన్నేళ్ళూ వెళ్ళదీశాను."

వేయబోయిన తలుపు వదిలేసి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.  నా కూతురికొక్కదానికే ఏదో అయిందనుకుని నేను ఏడుస్తూ కూర్చుంటే, శనివారం శనివారం నా బల్ల ముందే నిలబడి రసీదు తీసుకుంటోంది ఆ మనిషి. నేను మంచాలు వేసింది భయపడి. కానీ నువ్వూ, ఆవిడా వాటి మీద కూర్చున్నారు. ఇంక అవి నావి కావు, చించడానికి నాకేం హక్కుంది?

నాకంతా అర్థమైపోయిందని అబద్ధం చెప్పను. నువ్వు రాసిన రెండు పేర్లూ నా నోటికి తిరగడం లేదు. మీది స్నేహం కాదన్నావు, సరే, కాదు.

ఆ పేజీ మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. గీత మీద గీత ఎక్కింది. మొదటి రెండు వాక్యాల తర్వాత గుర్తూ రాలేదు. నీకు కంఠతా వచ్చన్నావు. రాసి పంపు. టీచరమ్మకి రెండు వారాల్లో ఇస్తానని మాటిచ్చాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇప్పుడు అమ్మే అడుగుతోంది.

మీ అమ్మ


ఏప్రిల్ 9

అమ్మా,

నీ ఉత్తరం మేమిద్దరం కలిసి చదివాం. జబ్బు మాట నేనింకా మర్చిపోలేదు, ఎప్పటికి మర్చిపోతానో తెలీదు. కానీ టీచరమ్మని ఎదురుచూసేలా చెయ్యడం నాకు ఇష్టం లేదు. పేజీ కింద రాశాను. మైదా మరీ పల్చగా కలపకు, సిరా అలుక్కుపోతుంది.

"వాళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ముందుగదిలో కిటికీకి చెరో పక్క రెండు మంచాలు వేసుకున్నారు. టైపిస్టు పొద్దున్నే లేచేది. రెండో ఆమెకి ఎండ మొహాన పడేదాకా తెల్లారేది కాదు. కరెంటు పోయినప్పుడు ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని కబుర్లు చెప్పుకునేవారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు మంచం దగ్గరికి జరుపుకునేవారు. నెమ్మదించాక మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టుకునేవారు. అప్పుడప్పుడు టైపిస్టు వాళ్ళమ్మ వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఇంకా గడుస్తూనే ఉన్నాయి."

నీ కూతురు


ఏప్రిల్ 18

అమ్మడూ,

పేజీ అందింది. జిగురు చిక్కగానే కలిపాను, నాకు బైండింగు నేర్పే రోజులొచ్చాయి నీకు.

భూతద్దం కింద ఒక్కో అక్షరం చూసుకున్నాను. టైపిస్టు వాళ్ళమ్మ వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేదన్న వాక్యం నేను రాసింది కాదు. నా పేజీలో అసలు తల్లే లేదు. ఆ టైపిస్టుకి తల్లి పోయిందని పుస్తకం మొదట్లోనే ఉంది, కావాలంటే చూసుకో. పొరపాటున రాశావో, కావాలని రాశావో నేను అడగను.

శనివారం టీచరమ్మ కొట్లోనే నిలబడి చదువుకుంది. ఆ వాక్యం దగ్గర ఆగి, "ఇది కొత్తగా ఉందే" అంది.

"మొదట్నుంచీ ఉందండీ, మీరు చూసుకోలేదు" అన్నాను.

ఆపరేషనుకి అక్కడికే వస్తున్నాను. నాలుగు రోజులు చాలవు, పట్టీ విప్పేదాకా ఉంటాను. ఆ పొడుగుపిల్లకి సంచీ బీరువా మీదే ఉంచమని చెప్పు. పట్టీ విప్పగానే నేను ముందు చూడాల్సిన మనుషుల్లో తనూ ఉంది, జబ్బు మాటకి తనకి ఎదురుగా జవాబు చెప్పుకోవాలి. మీ మంచాలు మీరు జరుపుకోవద్దు. మధ్యలో కిటికీ కింద నాకొక మడత మంచం వెయ్యండి.

అమ్మ